అవయవదానం, కణజాల దానం: కార్డు తీసుకుంటే సరిపోతుందా?

వేకువచుక్క:
అందరికీ నమస్కారం. అవయవదానానికి పేరు నమోదు చేసుకున్నాను, కార్డు పర్సులో ఉంది. అయితే ఆ కార్డు ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, చూశాక ఏం జరుగుతుంది అన్నది నాకు సరిగ్గా తెలియదు. ఇంట్లో మాట ఎత్తితే "చావు కబుర్లు ఇప్పుడెందుకు" అంటున్నారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ముఖ్యంగా రెండు అనుమానాలు. వయసైపోయి ఇంట్లోనే మామూలుగా పోతే నా గుండె, కిడ్నీలు ఎవరికైనా పనికొస్తాయా? నేను సంతకం పెట్టినా ఇంట్లోవాళ్లు కాదంటే ఏమవుతుంది?

ఐసీయూ_సిస్టర్:
మొదటిదానికి సూటిగా చెబుతాను. ఇంట్లో పోతే గుండె, కాలేయం, కిడ్నీలు ఇవ్వలేం. రక్తం అందడం ఆగిన కొద్ది నిమిషాల్లోనే అవి పాడవడం మొదలవుతుంది. అవి ఇవ్వాలంటే ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉండగా బ్రెయిన్ డెత్, అంటే మెదడు శాశ్వతంగా ఆగిపోవడం, జరిగి ఉండాలి. తలకు పెద్ద దెబ్బ తగలడం, మెదడులో రక్తం చిందడం, పెద్ద స్ట్రోక్, మెదడుకు చాలాసేపు ఆక్సిజన్ అందకపోవడం, సాధారణంగా ఇవే కారణాలు. స్పెయిన్, బ్రిటన్ లాంటి దేశాల్లో గుండె ఆగిన తర్వాత తీసే పద్ధతి కూడా ఉంది, కానీ అది కూడా ఆసుపత్రిలో అంతా సిద్ధంగా ఉన్నప్పుడే. అవయవాలు ఇవ్వగలిగే పరిస్థితిలో చనిపోయేవాళ్లు నూటికి ఒక్కరే ఉంటారని బ్రిటన్ ఆరోగ్య సేవల లెక్క.

అంటే ఇద్దామని మనసున్న నూరుమందిలో తొంభైతొమ్మిది మందికి ఆ అవకాశమే రాదు. అందుకే అవకాశం వచ్చిన ఆ ఒక్క ఇంట్లో "సరే" అన్న మాట అంత విలువైనది. ఒక్క దాత నుంచి గుండె, రెండు ఊపిరితిత్తులు, కాలేయం, రెండు కిడ్నీలు, క్లోమం, చిన్నపేగు వెళ్లగలవు. ఎనిమిది మంది దాకా బతకొచ్చు.

రెండో ప్రశ్నకు: చాలా దేశాల్లో చట్టం ఏం చెప్పినా చివరికి అడిగేది ఇంట్లోవాళ్లనే. కన్నీళ్లలో ఉన్న తల్లి వద్దంటుంటే, కార్డు చూపించి ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లే డాక్టర్‌ని నేను చూడలేదు.

నేత్రమిత్ర:
సిస్టర్ గారు చెప్పినదానికి రెండో సగం నేను చెబుతాను, ఎందుకంటే ఈ చర్చల్లో ఎప్పుడూ వెనకబడిపోయేది అదే. గుండె, కిడ్నీ దానానికి నూటికి ఒక్కరే అర్హులు. కళ్లు, చర్మం, ఎముకలు, గుండె కవాటాలు అలా కాదు. వీటిని కణజాలాలు అంటారు. గుండె ఆగిపోయాక కూడా కొన్ని గంటల పాటు ఇవి పనికొస్తాయి. వేకువచుక్క గారూ, మీరు తొంభై ఏళ్లకు మీ మంచం మీదే ప్రశాంతంగా పోయినా కళ్లు ఇవ్వొచ్చు.

నేత్రదానం అంటే కంటిని మొత్తంగా ఇంకొకరికి పెట్టడం అనుకుంటారు చాలామంది. కాదు. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శక పొర ఒకటి ఉంటుంది, అదే కార్నియా. ఇన్ఫెక్షన్ వల్లో, దెబ్బ వల్లో, సున్నం లాంటి రసాయనం పడో అది తెల్లబడిపోతే లోపల కన్ను బాగున్నా వెలుగు వెళ్లదు. అలాంటివాళ్లకు ఈ పొర మారిస్తే చూపు తిరిగి వస్తుంది. రెటీనా (కంటి వెనక ఉండే తెర) పాడైనవాళ్లకు, గ్లకోమా జబ్బుతో కంటి నరం దెబ్బతిన్నవాళ్లకు ఇది పనిచేయదు. ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే వాళ్లలో లేనిపోని ఆశ పుడుతుంది.

కార్నియాలో రక్తనాళాలు ఉండవు. అందుకే సాధారణంగా బ్లడ్ గ్రూప్ కలవాల్సిన పని లేదు. కళ్లద్దాలు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగర్, బీపీ ఉన్నా ఇవ్వొచ్చు. ఇప్పుడు కార్నియాను పొరలుగా విడదీసి, ఎవరికి ఏ పొర చెడిందో ఆ పొర మాత్రమే మార్చే ఆపరేషన్లు వచ్చాయి. దాంతో ఒక్కోసారి ఒక కార్నియా ఇద్దరికి ఉపయోగపడుతుంది.

సందేహజీవి:
అందరూ మంచి విషయాలే చెబుతున్నారు. నాకు మాత్రం ఒక భయం ఉంది, దాచుకోకుండా అడుగుతాను. దాతగా నమోదు చేసుకున్నానని తెలిస్తే డాక్టర్లు నన్ను బతికించడానికి పూర్తిగా ప్రయత్నిస్తారా? ఇంకోటి. గుండె కొట్టుకుంటోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, ఛాతీ పైకీ కిందకీ కదులుతోంది. ఆ మనిషిని చనిపోయాడని ఎలా అంటారు? కోమాలో ఉన్నవాళ్లు ఏళ్ల తర్వాత లేచారని పేపర్లో చదువుతాం కదా.

ఐసీయూ_సిస్టర్:
ఈ ప్రశ్న అడిగినందుకు థాంక్స్. వద్దన్న కుటుంబాల్లో చాలామంది మనసులో ఉండేది ఇదే, కానీ పైకి అడగరు.

ఛాతీ కదిలించేది వెంటిలేటర్. గుండెకు తనంతట తాను కొట్టుకునే ఏర్పాటు దానిలోనే ఉంది. ఆక్సిజన్ అందుతున్నంతసేపు మెదడు లేకపోయినా అది కొట్టుకుంటుంది. ఒళ్లు వెచ్చగా ఉండేది అందుకే. కోమాలో అలా కాదు. మెదడు దెబ్బతిని ఉంటుంది కానీ బతికే ఉంటుంది. కోమాలో ఉన్నవాళ్లలో చాలామంది తమంతట తాము ఊపిరి తీసుకోగలరు కూడా. బ్రెయిన్ డెత్‌లో శ్వాసను నడిపించే మెదడు కాండం శాశ్వతంగా ఆగిపోతుంది. అక్కడి నుంచి తిరిగి వచ్చే దారి లేదు. పేపర్లో చదివే "లేచి కూర్చున్న" కథలు కోమావి.

పరీక్షలు ఎలా చేస్తారో చెబుతాను. ముందుగా మత్తుమందుల ప్రభావం, విషం, ఒంటి వేడి బాగా పడిపోవడం లాంటివేవీ లేవని తేల్చుకుంటారు, ఎందుకంటే అవి ఉంటే మెదడు పనిచేయనట్టు కనిపించొచ్చు. తర్వాత కంట్లో లైటు వేసి చూస్తారు. కార్నియాను దూదితో తాకుతారు. చెవిలో చల్లటి నీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో చూస్తారు. గొంతులో గొట్టం కదిపి దగ్గు వస్తుందా అని చూస్తారు. నొప్పి కలిగించి ముఖంలో కదలిక వెతుకుతారు. అన్నిటికన్నా చివర, ఆక్సిజన్ ఇస్తూనే వెంటిలేటర్ ఆపి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగనిస్తారు. ఊపిరి తీసుకోమని మెదడుకు అంతకన్నా గట్టి సంకేతం ఉండదు. దానికి కూడా ఒక్క శ్వాస రాలేదంటే, ఇక లేరు. చాలాచోట్ల ఈ పరీక్షలన్నీ రెండుసార్లు చేస్తారు. అవయవ మార్పిడి టీమ్‌తో సంబంధం ఉన్న డాక్టర్లు ఇందులో ఉండకూడదు. మిమ్మల్ని బతికించే టీమ్ వేరు, అవయవాలు తీసే టీమ్ వేరు. రెండోవాళ్లు వచ్చేది మరణం నిర్ధారణ అయ్యాకే.

ఇంకో విషయం ముందే తెలిసి ఉంటే మంచిది. బ్రెయిన్ డెత్ అయిన మనిషి చేయి, కాలి వేళ్లు ఒక్కోసారి కదులుతాయి. వెన్నుపాము నుంచి వచ్చే కదలిక అది. తెలియని కుటుంబం దాన్ని చూసి "బతికే ఉన్నాడు" అని ఎంత తల్లడిల్లిపోతుందో నేను చూశాను. ఎవరైనా ముందే పక్కన కూర్చుని చెప్పి ఉంటే ఆ బాధ కొంచెం తగ్గేది.

నీలిమేఘం:
మా తమ్ముడికి మెదడులో రక్తనాళం పగిలింది. ఆసుపత్రి పేరు చెప్పను. అక్కడ కారిడార్‌లో నిలబెట్టి "బ్రెయిన్ డెడ్ అండీ, అవయవాలు దానం చేస్తారా" అని ఒకే ఊపులో అడిగారు. నాన్న కోపంతో వణికిపోయారు. అడిగినతను చెడ్డవాడు కాదు, ఎలా అడగాలో ఎవరూ నేర్పలేదు.

తర్వాత దానం విషయం కుటుంబాలతో మాట్లాడే కోఆర్డినేటర్ మేడమ్ వేరొకరు వచ్చారు. ఒక గదిలో కూర్చోబెట్టారు. దానం గురించి మొదట ఒక్క ముక్క మాట్లాడలేదు. స్కాన్ చూపించారు, మా ప్రశ్నలకు అడిగినన్ని సార్లు జవాబు చెప్పారు. తమ్ముడు పోయాడని మాకు నిజంగా అర్థమయ్యాకే ఆ మాట తెచ్చారు. అప్పుడు నాకు వాడు ఎప్పుడో టీవీ చూస్తూ అన్న మాట గుర్తొచ్చింది: "నేను పోతే అన్నీ ఇచ్చేయండి అక్కా, కాల్చేసి ఏం లాభం". మామూలుగా అన్న మాటే. కానీ ఆ రోజు మేం నిర్ణయం తీసుకోవాల్సిన పని లేకుండా చేసింది అదే. వాడి నిర్ణయాన్ని వాడి తరఫున చెప్పామంతే. నాన్న కూడా "వాడు చెప్పాడు కదా" అని సంతకం పెట్టారు.

చర్చ పెట్టినవారికి నేను చెప్పేది ఇదే. కార్డు ఉండనివ్వండి, కానీ నోటితో చెప్పండి. కార్డు మాకు దొరికి ఉండేది కాదు. మాట మాత్రం దొరికింది.

పాతపుస్తకం:
నీలిమేఘం గారూ, మీ నాన్నగారికి నమస్కారాలు.

మీరు రాసింది చదివితే ఎడ్వర్డ్ డార్వాల్ గుర్తొచ్చారు. 1967 డిసెంబర్ 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో, గ్రూట్ షూర్ ఆసుపత్రిలో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ ప్రపంచంలో మొదటిసారి మనిషి గుండెను మనిషికి మార్చారు. బర్నార్డ్ పేరు అందరికీ తెలుసు. ఆ గుండె డెనిస్ డార్వాల్ అనే పాతికేళ్ల అమ్మాయిదని తక్కువమందికి తెలుసు. రోడ్డు దాటుతుండగా కారు గుద్దింది. పక్కనే ఉన్న తల్లి అక్కడికక్కడే పోయింది. భార్యనీ కూతుర్నీ ఒకే రోజు పోగొట్టుకున్న ఆ తండ్రి ఎడ్వర్డ్ సరే అన్నారు. డెనిస్ కిడ్నీ ఒకటి తెల్లజాతికి చెందని పదేళ్ల బాబుకి అమర్చారు. వర్ణవివక్ష చట్టంగా నడుస్తున్న దేశంలో, ఆ రోజుల్లో! గుండె అందుకున్న లూయీ వాష్‌కాన్‌స్కీ 18 రోజులే బతికారు, న్యుమోనియా తీసుకుపోయింది. అయినా దారి అక్కడ తెరుచుకుంది.

అంతకుముందు 1954 డిసెంబర్‌లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే ఒక కవల సోదరుడి కిడ్నీని ఇంకో సోదరుడికి పెట్టారు. ఒకేలాంటి కవలలు కాబట్టి శరీరం తిప్పికొట్టలేదు. రిచర్డ్ హెరిక్ ఆ కిడ్నీతో ఎనిమిదేళ్లు బతికారు, తనను చూసుకున్న నర్సునే పెళ్లి చేసుకున్నారు. కిడ్నీ ఇచ్చిన రోనాల్డ్ 2010 దాకా జీవించారు. ముర్రేకి 1990లో నోబెల్ వచ్చింది. కవలలు కానివాళ్లకు నమ్మకంగా మార్చగలిగింది మాత్రం 1980లలో, శరీరం తిప్పికొట్టకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు వచ్చాకే.

కార్నియా కథ ఇంకా పాతది. 1905లో ఇప్పటి చెక్ దేశంలోని ఒలొమౌట్స్‌లో ఎడువార్డ్ జిర్మ్ అనే డాక్టర్, సున్నం పడి చూపు పోయిన ఒక కూలీకి కార్నియా మార్చారు. ఒక కన్ను నిలిచింది.

రెండోఉదయం:
నేను తీసుకున్నవైపు మనిషిని. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. లేనివాళ్లకి ఒక్క విషయం చెబుతాను: నీళ్లు కొలిచి తాగాలి. ఎండాకాలంలో గొంతు ఎండిపోతున్నా గ్లాసు నిండా తాగలేను. చనిపోయిన ఒక దాత కిడ్నీ నాకు వచ్చాక మొదటిసారి గ్లాసుడు నీళ్లు గడగడా తాగినప్పుడు ఏడ్చేశాను.

చాలామందికి తెలియదు, పాత కిడ్నీలను సాధారణంగా తీయరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెడతారు. అంటే నాకిప్పుడు మూడు ఉన్నాయి, పనిచేసేది ఒకటి.

అంతా సుఖమేనని చెప్పను. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు పొద్దున, సాయంత్రం టైమ్ తప్పకుండా వేసుకోవాలి, కిడ్నీ పనిచేసినంతకాలం. చిన్న జ్వరం వచ్చినా టెన్షనే. ఈ కిడ్నీ కూడా ఎప్పటికీ ఉండదు. పది, పదిహేనేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ. ఆ ఏళ్లలో నా కూతురు స్కూల్ నుంచి కాలేజీకి వెళ్తుంది. ఇచ్చింది ఎవరో నాకు చెప్పలేదు, నియమం అలాంటిది. కోఆర్డినేటర్ ద్వారా పేరు లేకుండా ఒక ఉత్తరం రాశాను. నీలిమేఘం గారూ, మీలాంటి ఇంటికే అది చేరి ఉంటుంది.

నీలిమేఘం:
మాకు ఒక ఉత్తరం వచ్చింది. మీది కాకపోవచ్చు. అయినా ఇప్పుడు మళ్లీ తీసి చదువుకున్నాను.

సందేహజీవి:
సిస్టర్ గారు చెప్పిన పరీక్షల వివరాలు చదివాక నా భయం చాలావరకు తగ్గింది. ఇంకొకటి మిగిలింది. డబ్బున్నవాళ్లకే ముందు దొరుకుతాయని అందరూ అంటారు. కిడ్నీల అమ్మకం వార్తలు కూడా వస్తుంటాయి.

ఐసీయూ_సిస్టర్:
అన్యాయాలు ఎక్కడా జరగలేదని అంటే అబద్ధం అవుతుంది. అయితే గమనించండి, ఆ వార్తల్లో ఎక్కువ భాగం బతికి ఉన్న పేదవాళ్ల కిడ్నీలు కొనడం గురించే. 2008లో ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు ఇస్తాంబుల్‌లో కలిసి ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా ఒక ప్రకటన చేశారు. చనిపోయిన దాతల అవయవాలకు దారి వేరు. వెయిటింగ్ లిస్టు ఉంటుంది. బ్లడ్ గ్రూప్, శరీర పరిమాణం, కణజాలం ఎంత కలుస్తుంది, ఎవరి పరిస్థితి ఎంత విషమంగా ఉంది, ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, ఇవన్నీ చూస్తారు. దూరం ఎందుకంటే గుండె బయట నాలుగైదు గంటలే ఆగుతుంది. కాలేయం పన్నెండు గంటల దాకా, కిడ్నీ ఒక రోజు దాటినా ఆగుతుంది.

నా అభిప్రాయం ఏమిటంటే, చనిపోయినవాళ్ల నుంచి దానం పెరిగితేనే ఆ దొంగ వ్యాపారం ఎండిపోతుంది. ఎదురుచూసే ఆశ తెగిపోయినప్పుడే మనుషులు దళారుల దగ్గరికి వెళతారు.

పాతపుస్తకం:
స్పెయిన్ సంగతి కూడా చెప్పాలి. "వద్దని రాసిపెట్టకపోతే సరే అన్నట్టే" అనే చట్టం అక్కడ 1979లోనే వచ్చింది. పదేళ్లు గడిచినా పెద్ద మార్పు లేదు. 1989లో జాతీయ సంస్థ ఒకటి పెట్టి, ఆసుపత్రుల్లోనే పనిచేసే డాక్టర్లకు కుటుంబాలతో ఎలా మాట్లాడాలో శిక్షణ ఇచ్చి కోఆర్డినేటర్లుగా నియమించారు. అప్పటి నుంచి దశాబ్దాలుగా ఆ దేశం ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. అక్కడ కూడా ఇప్పటికీ కుటుంబాన్ని అడుగుతారు. కాబట్టి చట్టం మారిస్తే చాలనే వాదనతో నేను ఏకీభవించను. నీలిమేఘం గారికి రెండోసారి ఎదురైన మేడమ్ లాంటివాళ్లు కావాలి.

ఇటలీలో ఇంకో రకంగా జరిగింది. 1994లో నికొలస్ గ్రీన్ అనే ఏడేళ్ల అమెరికా బాబు, సెలవుల్లో అక్కడికి వెళ్లినప్పుడు దొంగల తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. తమ బిడ్డను చంపిన దేశంలోనే, ఆ తల్లిదండ్రులు అతని అవయవాలు, కార్నియాలు ఇచ్చారు. ఏడుగురు అందుకున్నారు. ఆ తర్వాతి ఏళ్లలో ఇటలీలో దానాలు ఎన్నో రెట్లు పెరిగాయి. దాన్ని అక్కడ నికొలస్ ప్రభావం అనే పిలుస్తారు.

చిరుజల్లు:
నాది చిన్న ప్రశ్న. మా అత్తయ్య "కళ్లు లేకుండా పంపితే పై లోకంలో చూపుండదు" అంటారు. ఏం చెప్పాలి?

నేత్రమిత్ర:
పెద్దవాళ్లతో వాదించకండి. దధీచి వెన్నెముక ఇచ్చాడు, కన్నప్ప కన్ను పెకిలించి ఇచ్చాడు, వాళ్లను మనం తక్కువ చేయలేదు కదా అని నెమ్మదిగా అనండి, చాలు. మిగతా మతాల్లో కూడా దీనికి మద్దతు ఉంది. 1988లో జెడ్డాలోని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ (ఇస్లాం ధర్మశాస్త్ర పండితుల సంస్థ) షరతులతో ఒప్పుకుంది. 2000లో పోప్ జాన్ పాల్ 2 రోమ్‌లో మార్పిడి డాక్టర్ల సభకు వెళ్లి దీన్ని ప్రేమతో చేసే పని అని మెచ్చుకున్నారు.

అత్తయ్యగారి అసలు దిగులు ముఖం పాడవుతుందని కూడా అయి ఉండొచ్చు. అలా కాదు. అరగంటలోపే అయిపోతుంది, రెప్పలు మూసి ఉంటాయి, చూస్తే తేడా తెలియదు.

వేకువచుక్క:
నేత్రమిత్ర గారూ, ఇంట్లో ఎవరైనా పోతే ఆ క్షణంలో మేం చేయాల్సింది ఏమిటో చెప్పండి. చర్మం గురించి కూడా.

నేత్రమిత్ర:
ముందు డాక్టర్ మరణాన్ని ధ్రువీకరించాలి. వెంటనే దగ్గరలోని నేత్ర నిధికి (ఐ బ్యాంక్‌కు) ఫోన్ చేయాలి. కార్డు లేకపోయినా ఫర్వాలేదు, దగ్గరి బంధువులు ఒప్పుకుంటే చాలు. సాధారణంగా ఆరు గంటల్లోపు తీయాలంటారు, శరీరాన్ని చల్లగా భద్రపరిచే చోట ఇంకొంత సమయం ఉంటుంది. వాళ్లు వచ్చేదాకా రెప్పలు మూసి తడి దూది పెట్టండి. ఫ్యాన్ ఆపండి, గాలికి కార్నియా ఎండిపోతుంది. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచండి. పరీక్ష కోసం కొంచెం రక్తం తీసుకుంటారు, కంగారు పడకండి.

చర్మం అంటే జనం ఉలిక్కిపడతారు. ఒళ్లంతా ఒలిచేస్తారని ఊహ. నిజానికి తొడలు, కాళ్లు, వీపు నుంచి కాగితం లాంటి పైపొర మాత్రమే తీసి కట్టు కడతారు. రక్తం కారదు. ఆ పొరను గ్లిసరాల్‌లో ఐదేళ్ల దాకా దాచొచ్చు. ఒళ్లు సగం కాలిపోయిన మనిషికి తన సొంత చర్మం తీసి వేయడానికి చోటే మిగలదు. దానం చేసిన చర్మం కొన్ని వారాలకు ఊడిపోతుంది కానీ, ఆలోపు ఒంట్లో నీరు ఆవిరైపోకుండా, ఇన్ఫెక్షన్ లోపలికి పోకుండా కాపాడుతుంది. ఆ కొన్ని వారాలే ప్రాణం. కాలిన గాయాల వార్డులో పిల్లల్ని చూసినవాళ్లెవరూ చర్మదానం వద్దనలేరని నా గట్టి నమ్మకం.

చిరుజల్లు:
ఇంకొక్కటి. మా మామయ్య తన శరీరం మొత్తం మెడికల్ కాలేజీకి ఇస్తానని రాసిచ్చారు. ఆయనకు హెపటైటిస్ బి కూడా ఉంది. ఇప్పుడు కళ్లు కూడా ఇవ్వొచ్చా?

ఐసీయూ_సిస్టర్:
ఇవి రెండు వేరు వేరు విషయాలు. శరీరదానం విద్యార్థుల చదువు కోసం. అవయవాలు తీసిన శరీరాన్ని, పోస్ట్‌మార్టం అయిన శరీరాన్ని చాలా కాలేజీలు తీసుకోవు. కళ్లు ఇచ్చాక మాత్రం మామూలుగా తీసుకుంటాయి. హెపటైటిస్ బి ఉంటే కార్నియాను వేరొకరికి పెట్టరు. హెచ్ఐవీ, రేబిస్, రక్త క్యాన్సర్లకు కూడా అంతే. ఆ కాలేజీకి కూడా ఆ జబ్బు సంగతి ఇప్పుడే చెప్పండి, కొన్నిచోట్ల అలాంటి శరీరాలను తీసుకోరు. ముందే తెలిస్తే ఆ రోజు ఇంట్లోవాళ్లు అటూ ఇటూ పరుగులు పెట్టక్కర్లేదు. మిగతావాళ్లు మాత్రం "నాకు షుగర్, నాకు వయసైపోయింది" అని తమకు తామే గీత గీసుకోకండి. స్పెయిన్‌లో దాతల్లో సగానికి పైగా అరవై దాటినవాళ్లే. పనికొస్తుందో లేదో పరీక్షించి చెప్పడం డాక్టర్ల పని. మీరు ఇంట్లో ఆ మాట చెప్పి ఉంచండి.